కర్ర కొసన పిల్లాడు, కాలి కింద మోటారు

కర్ర అనగానే బయటివాళ్లకు మా ఆదోని వైపు దేవరగట్టే గుర్తొస్తుంది. దసరా రాత్రి బన్ని ఉత్సవంలో పగిలిన తలకాయల ఫొటోలు ఏటా పేపర్లో పడతాయి మరి. నేను చెప్పే కర్ర వేరు. బారెడు వెదురు. వెనక కొస చూపులేని పెద్దమనిషి చేతిలో, ముందు కొస ఇంకా పొలం పనికి అక్కరకు రాని పిల్లాడి చేతిలో. నా చిన్నప్పుడు మాధవరంలో చూపులేనివాళ్లు నడిచే పద్ధతి అదే.

మా జేజినాయనకు పసితనంలో అమ్మవారు పోసి రెండు కళ్లూ పోయాయి. మన దేశంలో మశూచి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది 1977లో. అంతకు ముందు తరాల్లో ఇలా కళ్లు పోగొట్టుకున్నవాళ్లు చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉండేవాళ్లు. మా ఇంట్లో కర్ర ముందు కొస నాది. గుంత వస్తే పైకెత్తాలి, దిగుడు వస్తే కిందికి వంచాలి, ఎద్దులు ఎదురొస్తే వెనక్కి నొక్కి నిలబడాలి. "అబ్బీ, వదులుగా పట్టుకోరా, బిగబడితే నాకేమీ తెలీదు" అనేవాడు జేజినాయన. నా అడుగు తడబడినా, నేను పక్కకు చూసినా ఆ వెదురులోంచి ఆయన అరచేతికి తెలిసిపోయేది.

ఈ పద్ధతిలో లోటు ఆదోని పత్తి మార్కెట్లో బయటపడేది. ఎద్దులు విప్పి నిలబెట్టిన బండ్ల కింద నుంచి పిల్లలు అనాయాసంగా దూరిపోతారు. ఆ బండి నొగ వెనకొచ్చే పెద్దాయన ఛాతీకి తగులుతుంది. అంతకంటే పెద్ద లోటు ఇంకొకటుంది. నా వెంట నడిచినన్నాళ్లూ ఇంటి నుంచి బస్సు ఆగే చోటికి దారి ఆయనకు రాలేదు. నేను బడిలో చేరాక ఒక్కడే తడుముకుంటూ పోయాడు, అప్పుడొచ్చింది. పడమటి గాలి ఏ చెంపకు కొడుతోందో చూసుకొని మలుపు తిరిగేవాడు.

ఒంటరిగా నడవడం నేర్పొచ్చని ఒక పద్ధతిగా రుజువు చేసింది రెండో ప్రపంచ యుద్ధం. అంతకు ముందే, 1921లో, బ్రిస్టల్‌లో చూపు పోయిన జేమ్స్ బిగ్స్ బండ్లవాళ్లకు కనబడాలని తన కర్రకు తెల్లరంగు వేసుకున్నాడు. అది ఎదుటివాళ్ల కోసం. పట్టుకున్నవాడి కోసం ఆలోచించింది అమెరికాలో వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రిలో పనిచేసిన సార్జెంట్ రిచర్డ్ హూవర్. 1944, 45 ప్రాంతంలో ఆయన పొట్టి చేతికర్ర తీసేసి, రొమ్ము ఎముక దాకా వచ్చే తేలికైన పొడుగు కర్ర ఇచ్చాడు. కుడికాలు వేసేటప్పుడు కర్ర ఎడమవైపు తాకాలి, ఎడమకాలు వేసేటప్పుడు కుడివైపు. అంటే తర్వాతి అడుగు పడబోయే చోటును కర్ర ముందే చూసొస్తుంది. తాను కళ్లకు గంతలు కట్టుకొని నడిచి మరీ ఈ లెక్క కుదుర్చుకున్నాడు హూవర్. నడక నేర్పే మాస్టారు అనే కొత్త ఉద్యోగం కూడా ఆ కర్రతోనే పుట్టింది.

ఆ తర్వాతి కథ మరీ విచిత్రం. 1969లో శాన్ ఫ్రాన్సిస్కోలో పాల్ బాక్-ఇ-రీటా పళ్ల డాక్టరు కుర్చీ వీపుకు 400 కంపించే మొనలు అమర్చి, వాటికి టీవీ కెమెరా కలిపాడు. కెమెరా ముందున్న బొమ్మ కూర్చున్నవాళ్ల వీపు మీద గీతలుగా తెలుస్తుంది. కెమెరాను వేరేవాళ్లు తిప్పితే వీపు మీద చక్కిలిగింతే మిగిలింది. కూర్చున్నవాళ్లే తిప్పుకుంటే కొన్ని గంటల సాధన తర్వాత వస్తువు ఎదురుగా ఉన్నట్టు తోచింది. బస్సు దారి దగ్గర జేజినాయన చేసిందీ ఇదే. ఆయన గురించి ఎవరూ పేపరు రాయలేదంతే.

జర్మనీలో ఓస్నాబ్రూక్ విశ్వవిద్యాలయంవాళ్లు ఉత్తరం వైపు మాత్రమే కంపించే నడుము పట్టీ తయారుచేసి, 2005లో ఫలితాలు ప్రచురించారు. కట్టుకున్నవాళ్లు 6 వారాలు దాంతోనే తిరిగారు. వాళ్లలో కొందరికి ఊరి దిక్కుల పోలికే మారిపోయిందట.

మనవైపు ఈ పని జరిగింది సికింద్రాబాద్‌లో. అనిరుధ్ శర్మ 2011లో చేసిన కంపించే బూటు నమూనాను పట్టుకొని, ఆయనా క్రిస్పియన్ లారెన్సూ డ్యూసియర్ టెక్నాలజీస్ పెట్టారు. 2014లో 'లేచల్' పేరుతో బూట్లు ప్రకటించారు. ఫోన్లో మ్యాపు చెప్పే దారి బ్లూటూత్ మీదుగా పాదానికి చేరుతుంది. ఎడమకు తిరగాలంటే ఎడమ బూటు, కుడికైతే కుడి బూటు కంపిస్తుంది. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యాలయంలో పరీక్షించారు. దారి చెవిలో చెప్పే ఫోన్లు చూపులేనివాడి చెవిని ఆక్రమిస్తాయి, చెవే కదా అతని ఆధారం! ఆ సంగతి పట్టుకున్నందుకు వాళ్లను మెచ్చుకోవాలి. అయితే బూటు మలుపు చెబుతుందే గానీ మలుపులోని బండరాయి చెప్పదు. కర్ర ఉండాల్సిందేనని తయారుచేసినవాళ్లే అన్నారు. అదే 2014లో ఐఐటీ ఢిల్లీ నుంచి వచ్చిన స్మార్ట్‌కేన్ మా బండి నొగ సమస్యకు జవాబు: మోకాలికి పైన, తల దాకా ఉన్న అడ్డును అల్ట్రాసోనిక్ ధ్వనితో 3 మీటర్ల దూరంలోనే పసిగట్టి పిడిలో కంపిస్తుంది.

మా ఎమ్మిగనూరు, ఆదోని పక్కకు తెల్లకర్రలు వచ్చింది శిబిరాల దారినే. దివ్యాంగులకు ఉపకరణాలిచ్చే కేంద్ర పథకం 1981 నుంచీ ఉంది. నేను చూసిన ఒక శిబిరంలో కర్ర చేతికిచ్చి, ఫొటో తీసి, భోజనం పెట్టి పంపించారు. ఎలా ఊపాలో చెప్పినవాళ్లు లేరు. ఆ కర్రల్లో ఒకటి మా వీధిలో ఇప్పుడు మేకలు తోలడానికి పనికొస్తోంది.

శిబిరాలు పెట్టేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. కర్ర ఇవ్వండి, బూటు ఇవ్వండి, ఇంకా కొత్తదేదైనా ఇవ్వండి. దాంతోపాటు కొన్ని వారాలు ఊళ్లో ఉండి, చూపులేనివాళ్లను ముందు నడవనిచ్చి తాను వెనక నడిచే మాస్టారును కూడా పంపండి. మాస్టారు దొరకకపోతే దొరికిందాకా శిబిరం వాయిదా వేయండి.