ఫొటోగ్రఫీలో రంగుల పొందిక

ఫ్రేములోకి ఏ రంగులు రావాలో, ఏవి రాకూడదో, వచ్చినవి ఎంత మేర ఉండాలో ముందే ఆలోచించి చిత్రం తీయడాన్ని ఫొటోగ్రఫీలో రంగుల పొందిక అంటారు. రంగుల చక్రంలో ఇరుగుపొరుగున ఉండే పసుపు, నారింజ, ఎరుపు కలిస్తే చిత్రం ప్రశాంతంగా ఉంటుంది. ఎదురెదురుగా ఉండే నారింజ, నీలం ఒకదాన్నొకటి ఎత్తి చూపుతాయి.

సిద్ధాంతం

న్యూటన్ 1704లో వెలువడిన ‘ఆప్టిక్స్’లో రంగులను వృత్తంలో అమర్చాడు. పక్కనున్న రంగును బట్టి అసలు రంగు మారి కనిపిస్తుందని నిరూపించినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్. ప్యారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకం పనులకు ఆయన పెద్ద. నల్లదారం వెలిసినట్టుందని ఫిర్యాదు వస్తే పరిశీలించి, లోపం అద్దకంలో లేదని, పక్కన నేసిన దారాల వల్లే అలా కనిపిస్తోందని తేల్చాడు. 1839లో ఆ సూత్రాలను గ్రంథంగా ప్రచురించాడు.

రంగుల ఫిల్ము

1861లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ మూడు రంగుల ఫిల్టర్లతో తీసిన చిత్రాలను కలిపి రంగు బొమ్మ చూపాడు. 1907లో లూమియేర్ సోదరులు రంగులద్దిన బంగాళాదుంప పిండి రేణువులతో ఆటోక్రోమ్ పలకలను అమ్మకానికి తెచ్చారు. 1935లో కొడాక్రోమ్ వచ్చింది. అయినా రంగు ఫొటోలను ప్రకటనల సరుకుగానే చాలామంది చూశారు. 1976లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఫొటోగ్రాఫర్ విలియం ఎగల్‌స్టన్ ప్రదర్శన ఆ చిన్నచూపును సవాలు చేసింది. మన దేశంలో జైపూర్‌కు చెందిన ఫొటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్ (1942–1999) రంగునే తన మాధ్యమంగా ఎంచుకున్నారు.

తెలుగు సినిమాల్లో తొలి పూర్తి రంగుల చిత్రం ‘లవకుశ’ 1963లో విడుదలైంది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపుల్లో చిత్రీకరించిన ‘మాయాబజార్’ (1957)కు రంగులద్ది 2010లో మళ్లీ విడుదల చేశారు. ప్రతి వస్త్రానికీ, ప్రతి నగకూ కొత్తగా రంగు నిర్ణయించాల్సిన పని అది.

శ్రీకాకుళం, విజయనగరం

ఈ జిల్లాలకు రంగుల పొందిక కొత్త కాదు. సవర గిరిజనులు ఎర్రమట్టి గోడపై తెల్లని పిండితో వేసే బొమ్మల్లో రెండే రంగులు. ఏ గీతా మరుగున పడదు.

టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి ఏటా పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు వస్తాయి. స్టార్కు ఒళ్లు తెలుపు, తోక దగ్గరి ఈకలు గులాబి. వెనక ఆకుపచ్చ కొమ్మలుంటే ఆ గులాబి పైకి తేలుతుంది. ఎక్స్‌పోజర్ కాస్త ఎక్కువైతే తెలుపుతోపాటు గులాబీ కొట్టుకుపోతుంది. ఉద్దానం కొబ్బరితోటల నీడలో పొందూరు ఖద్దరు కట్టుకున్న మనిషిని తీస్తే బట్ట ఆకుపచ్చగా పడుతుంది. వైట్ బ్యాలెన్స్ సరిచేస్తే తెలుపు తిరిగొస్తుంది.

విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం దసరా తర్వాతి మంగళవారం జరుగుతుంది. అక్కడ పసుపు, కుంకుమ, పూలదండలు ఒకే కుటుంబపు రంగులు. మూలన ఒక్క నీలం పట్టా చేరితే కన్ను అటే పోతుంది. రెండడుగులు పక్కకు జరిగితే అది ఫ్రేములోంచి తప్పుకుంటుంది.

డిజిటల్ కెమెరాలతో రంగుల్ని తర్వాత దిద్దుకోవడం సులువైంది. అయినా పొందిక కుదిరేది ముందుగా నిలబడే చోటులోనే. కాబట్టి బటన్ నొక్కేముందు ఫ్రేము నాలుగంచులూ చూడండి. అక్కర్లేని రంగుంటే చోటు మారండి.