నీరుగంటి చెప్పిన చేపల కబురు

మహానంది క్షేత్రమున రుద్రగుండము నుండి వెడలు జలము, ఎండకాలమున సన్నగిల్లక, వానకాలమున కలగక, ఆలయప్రాకారము దాటి దిగువ అరటితోటలను వరిమళ్లను సంవత్సరము పొడవునను తడుపుచుండును. ఈ నిలుకడ కర్నూలు, కడప సీమలందలి తక్కిన జలములకు మిక్కిలి అరుదు. నల్లమల వాగులు వానకు పొంగి, వాన వెలిసిన కొలది దినములకే ఇసుకలో నింకిపోవును. చెరువులు వేసవి నడుమకు అడుగంటును. కాలువ ఎగువవారు వదలిననే పారును. కావున గాలము చేతబట్టి మంచినీటి చేపకై పయనము కట్టువాడు ఈ సీమలో తొలుత నీటి జాడ విచారింపవలెను. చేపల కబురు వ్రాతకెక్కిన చరిత్రమంతయు ఇచ్చట నీటి చరిత్రమును అంటిపెట్టుకొని నడచినదే యని నా నిశ్చయము.

కల్యాణి చాళుక్యప్రభువగు మూడవ సోమేశ్వరుని పేర పండ్రెండవ శతాబ్ది పూర్వార్ధమున వెలసిన మానసోల్లాసమున మత్స్యవినోదమను ప్రకరణము కలదు. చేపల జాతులు, వాని నివాసములు, ఏ జాతి యే మేతకు మరుగునో ఆ వివరము, గాలపుఁగఱ్ఱ, త్రాడు, కొక్కెము మున్నగువాని లక్షణము అందు చెప్పబడినవి. వేటకు ముందు తెలియవలసిన సంగతులను ఇంత శ్రద్ధతో కూర్చిన గ్రంథము మన దేశమున ప్రాచీనకాలమున మఱియొకటి నేనెఱుగను. అది రాజవినోదము. ఊరి చెరువు కడ బెస్తల విద్య ముఖతః సాగినది. దానికి కార్తెలే పంచాంగము. మృగశిరలో తొలకరి నీరు చెరువుఁ జేరగానే చేప ఎదురెక్కుననియు, క్రొత్తనీరు ఎఱ్ఱగా నున్నంతకాలము గాలము వ్యర్థమనియు, నీరు తేటపడిన పిదప అంచుల వెంట వాలుగ తిరుగుననియు, వేసవిలో తక్కిన చేపలు చచ్చినను కొఱ్ఱమట్ట బురదలో బ్రదుకుననియు వారు తండ్రులవలన వినియే నేర్చిరి. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనమున చెరువునకు కావలసిన పండ్రెండంగములను, పరిహరింపవలసిన ఆరు దోషములను రాతిపై చెక్కించిరి గాని, ఆ చెరువులోని చేపల విద్యను చెక్కించినవారు లేరు.

ఆ విద్య కాగితమున కెక్కినది తెల్లదొరల కాలమున; అందులకును నీరే కారణము. నదులకడ్డముగా కట్టిన ఆనకట్టలు చేపల రాకపోకలను ఆపి వానికి హాని చేయునేమో యన్న ప్రశ్నను 1867లో లేవనెత్తినవాడు, ఆనకట్టలు కట్టించిన సర్ ఆర్థర్ కాటనే. తన చేతిపనివలని కీడును తానే శంకించిన ఆ మనస్సును నేను గౌరవింతును. ఆ విచారణకు నియుక్తుడైన మద్రాసు సైన్యవైద్యుడు ఫ్రాన్సిస్ డే, జిల్లాల అధికారులకును తహశీలుదారులకును ప్రశ్నలు పంపి, మీ నీటిలో నేయే చేపలున్నవి, వలకన్ను ఎంత, పిల్లచేపలను పట్టుచున్నారా, చేపలు తగ్గినవా యని యడిగి, వచ్చిన జవాబులను 1873లో నివేదికగా ప్రకటించెను. అదే యేట హెచ్. ఎస్. థామస్ గాలపువేటపై తన గ్రంథమును వెలువరించెను; 1887లో చెరువుల వేటకై వేఱొక పుస్తకమునే వ్రాసెను. ఒకడు చేపను కాపాడుటకును, ఒకడు పట్టుటకును వ్రాసినను ఇరువురును కోరినది ఊరివారి జ్ఞానమునే. మందుగుండుతోను విషముతోను చేపలను చంపుటను నిషేధించిన 1897 నాటి చట్టము ఈ విచారణల ఫలమే.

ఇంతలో సీమలో క్రొత్తదారి తెఱచుకొన్నది. 1863లో ఆరంభమై 1870 నాటికి ముగిసిన కర్నూలు-కడప కాలువ, సుంకేసుల ఆనకట్ట నుండి తుంగభద్ర నీటిని నంద్యాల మీదుగా కడప దెసకు తెచ్చినది. సాగునీటివలనను పడవలవలనను లాభము గడింపదలచి దానిని కట్టించిన కంపెనీ నష్టపడగా 1882లో ప్రభుత్వము దానిని కొనెను. కాని కృష్ణాపరీవాహమునకు చెందిన నీరు పెన్న పరీవాహమున ప్రవేశించుటచే, ఆ నీటితో వచ్చు చేపపిల్లకును పెన్నలో కలియు కుందేటి దెసకు బాట యేర్పడినది. 1953లో హోస్పేట కడ తుంగభద్ర ఆనకట్ట వెలసిన పిమ్మట ఆ బాట ఎగువ గేట్ల వశమైనది. పడమటి కనుమల వానలు, అచ్చటి విడుదల, ఇచ్చటి వంతు, ఈ మూడును తెలిసినగాని కాలువ కబురు తెలిసినట్లు కాదు.

అందుచేత ఈ సీమలో చేపల వార్తాహరుడు, నా లెక్కకు, చెరువు తూము కనిపెట్టి నీరు పంచు నీరుగంటి. కాలువమీద నైనచో ఆ పని చేయు లస్కరు. తూము ఎన్నడు దించిరో, ఏ మడుగున నీరు నిలిచినదో, ఏ చెరువు చేపలు పాటకు పోయి పరాధీనమైనవో వారికి తెలియును. నంద్యాలలో దిగి మహానందికి పోవు యాత్రికుడు గాలము కూడ తెచ్చుకొన్నచో, గుండములను దేవునికి విడిచి, కాలువగట్టున లస్కరును కలిసి, నీరు కట్టి ఎన్నాళ్లయినదో అడుగవలెను; మడుగు ఇంకను తేటపడలేదని అతడన్నచో, పయనము వాయిదా వేయవలెను.