కాగితపు టంచులు సైతం బరువే

1926 సెప్టెంబరులో న్యూయార్కు నుండి పారిస్‌కు ఎక్కడా ఆగక ఎగురబూనిన ఫ్రెంచి వైమానికుడు రెనే ఫోంక్ విమానం, మితిమీరిన బరువుతో నేల విడువకనే కూలి దగ్ధమైంది. నలుగురిలో ఇద్దరు మరణించారు. 1927 మే 20న అదే రూజ్వెల్ట్ మైదానం నుండి ఇరువది అయిదేండ్ల చార్లెస్ లిండ్‌బర్గ్ ఒంటరిగా బయలుదేరాడు.

అతని ప్రయాణ సన్నాహం చూడండి. రేడియో లేదు, పారాచూటు లేదు. కూర్చొనడానికి పేము కుర్చీ. పటాల అంచులు కత్తిరించాడు. నోటుపుస్తకంలో అక్కరలేని పుటలు చించివేశాడు. ఆహారం అయిదు శాండ్‌విచ్‌లు, కొంత నీరు. (మనవారి పెట్టెలో ఊరగాయ సీసాయే అంతకన్న ఎక్కువ తూగుతుంది!) తగ్గించిన బరువంతా పెట్రోలుకే. 450 గ్యాలన్ల పెట్రోలు! ట్యాంకు అడ్డుగా ఉండడంచేత ఎదుటి దారి సూటిగా కనబడదు.

తోడును సైతం బరువుగానే ఎంచాడు. అందుకు మూల్యం నిద్ర. ముందునాటి రాత్రీ కునుకు లేదు. విమానానికి నిలకడ లేకపోవడమే మేలయింది: రెప్ప వాలగానే అది దారి తప్పి అతణ్ణి మేల్కొలిపేది. అట్లాంటిక్‌పై తన వెనుక ఛాయారూపాలు నిలిచి మాటలాడాయని 1953 నాటి తన గ్రంథంలో చెప్పుకొన్నాడు.

33 గంటల 30 నిమిషాలకు పారిస్ చెంత లె బుర్జేలో దిగాడు. శాండ్‌విచ్‌లు చాలావరకు మిగిలే ఉన్నాయి.