నాలుగేళ్ల టర్బో రాజ్యం

జపాన్ మోటార్‌సైకిళ్ల చరిత్రలో టర్బో బండ్లు ఏలింది నాలుగేళ్లే, 1982 నుంచి 1985 దాకా. హోండా మొదలుపెట్టింది, యమహా వెంటపడింది, సుజుకీ చేరింది, కవాసాకీ అందరికంటే ఆలస్యంగా వచ్చి అందరినీ దాటింది. ఆ తర్వాత ఆ నలుగురిలో ఒక్కరు కూడా మళ్లీ టర్బో బండిని షోరూముకు పంపలేదు.

ఆ బండ్లకు రెండు చావులు. మొదటిది బజార్లో. రెండోది కొన్నవాళ్ల ఇళ్లలో, ఇంజన్ ఆయిల్ దగ్గర. మొదటి చావు గురించి చాలామంది రాశారు. నా మనసును ఎక్కువగా పట్టి పీడించేది రెండోది.

ఆ కంపెనీల ఆశను తప్పుపట్టలేం. 1979లో డిజాన్‌లో జరిగిన ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీలో రెనో టర్బో కారు గెలిచింది. వృథాగా బయటికి పోయే పొగనే పట్టుకుని దానితో గాలిచక్రం తిప్పి, చిన్న ఇంజన్ చేత పెద్ద ఇంజన్ పని చేయించవచ్చని లోకానికి రుజువైంది. పెట్రోలు ధర మండిపోతున్న రోజులవి. అప్పటికే 1978లో కవాసాకీ పేరుతో అమెరికాలో జడ్1ఆర్-టీసీ అనే టర్బో బండి అమ్ముడైంది. అది మామూలు బండికి బయటివాళ్లు బిగించిన కిట్. వారంటీ లేదు, ఆ సంగతి ఒప్పుకుంటూ కొన్నవాడు సంతకం పెట్టాలి. హోండా అలా చేయలేదు. సీఎక్స్500 టర్బోను కంపెనీలోనే, కంప్యూటర్‌తో నడిచే ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో, తన పరువు పణంగా పెట్టి తయారుచేసింది. 497 సీసీల వీ-ట్విన్ ఇంజన్. మామూలు సీఎక్స్500 యాభై హార్స్‌పవర్ దగ్గర ఆగిపోతే ఇది 82 ఇచ్చింది.

ఆ టర్బోను దగ్గరగా చూస్తే గానీ ఈ కథ అర్థం కాదు. చక్రం అరచేతిలో ఇమిడిపోతుంది. దాని ఇరుసు పెన్సిలంత మందం. ఇంజన్ నిమిషానికి తొమ్మిది వేల చుట్లు తిరిగితేనే మనం అబ్బో అంటాం. ఈ చక్రం పూర్తి వేగంలో రెండు లక్షల దగ్గరికి పోతుంది. ఒక చివర ఎగ్జాస్ట్ మంట, వందల డిగ్రీల వేడి. రెండో చివర బయటి గాలి. మధ్యలో కంచు బుష్‌లు. ఇరుసు ఆ బుష్‌లకు ఆనదు. రెండింటి మధ్య ఉన్న పల్చని ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర ఉన్నంతసేపే టర్బో ఉంటుంది. అది ఒక్క క్షణం తెగితే లోహం లోహాన్ని తాకుతుంది. కారులో టర్బో ఆయిల్ గురించి తంటాలు ఇక్కడితో సరి. మోటార్‌సైకిల్‌లో అదే ఆయిల్ గేరుబాక్సులో పళ్ల మధ్య నలగాలి, క్లచ్ ప్లేట్లనూ తడపాలి.

అందుకే ఈ బండికి ఆయిల్ ఎంచడం మామూలు పని కాదు. టర్బోకి చల్లటి ఉదయం కూడా చప్పున చేరే పల్చదనం కావాలి, వేడిలో మాడని గుణమూ కావాలి. గేర్లకు చిక్కదనం కావాలి. క్లచ్‌కి మరీ జారుడు పనికిరాదు. కారు టర్బోకి మంచిదని పేరున్న ఆయిల్ పోస్తే, రాపిడి తగ్గించడానికి అందులో కలిపిన మందులే క్లచ్ ప్లేట్లు జారిపోయేలా చేయవచ్చు. అప్పుడు ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. ఆ రోజుల్లో అంగట్లో దొరికినవి ఎక్కువగా మినరల్ ఆయిళ్లు. 10డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50, డబ్బా మీద ఎస్ఈ, ఎస్ఎఫ్ అని గ్రేడు. వేడికి పల్చబడకుండా వాటిలో కలిపే పాలిమర్లను గేరు పళ్లు నలిపి తుంచేసేవి. చిక్కదనం తగ్గేది. తెగిన ఆ పాలిమర్లే టర్బో వేడికి మాడి మసిగా మిగిలేవి. సింథటిక్ ఆయిల్ 1970ల నుంచే అమెరికాలో అమ్ముతున్నారు. ఖరీదెక్కువ. పెట్టి కొన్నవాళ్లు తక్కువ.

ఇప్పుడు కొన్నవాడి సంగతి. హైవే మీద ఆపకుండా తోలుకొచ్చి ఇంటి ముందు ఆగాడు. తాళం తిప్పాడు. ఇంజన్ ఆగింది, దానితో ఆయిల్ పంపూ ఆగింది. టర్బో పైకవచం మాత్రం ఇంకా మండుతూనే ఉంది. బుష్‌ల మధ్య నిలిచిపోయిన ఆ కొద్ది ఆయిల్‌కి పోయే దారి లేదు, కొత్త ఆయిల్ వచ్చే దారి లేదు. అది అక్కడే మాడి బొగ్గుపొరగా అంటుకుంటుంది. ఒక్కరోజుతో ఏమీ కాదు. రోజుకొక పొర చొప్పున పెరిగి, ఆయిల్ వచ్చే సన్నని రంధ్రం మూసుకుపోతుంది. ఆ తర్వాతెప్పుడో టర్బో చక్రం అదే పాత వేగంతో తిరగబోతే అడుగున ఆయిల్ ఉండదు. ఇరుసు వదులవుతుంది, రెక్కలు గోడకు గీసుకుంటాయి, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. చాలామందికి జబ్బు తెలిసేది ఆ పొగ చూశాకే. అప్పటికి చేయగలిగింది ఏమీ మిగలదు.

దీనికి విరుగుడు ఏమిటో మన లారీ డ్రైవర్లకు బాగా తెలుసు. ఢాబా ముందు బండి ఆపాక, క్లీనర్ దిగి చక్రాలు తట్టి చూసేలోపు ఇంజన్‌ను స్లోలో వదిలేస్తారు. “ఒక్క నిమిషం ఉండనియ్యి, టర్బో చల్లారాలి” అన్న మాట ఏ షెడ్డులో అడిగినా చెబుతారు. ఆ ఒక్క నిమిషం ఓపికే ఆ జపాన్ బండ్లకు చాలామంది దగ్గర దొరకలేదు. వాళ్లను పూర్తిగా నిందించలేను. అప్పటిదాకా ఏ మోటార్‌సైకిలూ ఆగే ముందు తనను కాసేపు కనిపెట్టుకుని ఉండమని అడగలేదు.

ఆయిల్ మార్చడంలోనూ ఈ బండ్లు ప్రత్యేకంగా చూడమన్నాయి. ఇంజన్ కొంచెం వేడెక్కాక డ్రెయిన్ బోల్టు విప్పాలి, లేకపోతే మడ్డి అడుగునే ఉండిపోతుంది. బోల్టు వాషర్ మార్చాలి. ఫిల్టర్‌తో పాటు దాని మూత చుట్టూ ఉండే రబ్బరు రింగూ మార్చాలి. దించిన ఆయిల్‌ని వేళ్ల మధ్య రుద్ది చూడాలి. నల్లగా ఉంటే భయం లేదు. ఇసుకలా గరగరలాడినా, కంచు మెరుపు కనిపించినా టర్బో లోపల బుష్‌లు అరుగుతున్నాయన్నమాట. కొలత మించి పోయకూడదు. పోస్తే టర్బో నుంచి కిందికి దిగాల్సిన ఆయిల్ దిగలేక సీళ్ల గుండా లీకై పొగవుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది చివరి పని. కొత్త ఫిల్టర్ ఖాళీగా ఉంటుంది. అది నిండేదాకా టర్బోకి ఆయిల్ అందదు. కాబట్టి ఇంజన్ అంటుకోకుండా చేసి, సెల్ఫ్ మాత్రమే కొద్దికొద్దిగా కొట్టి, ఆయిల్ లైటు ఆరాకే స్టార్ట్ చేయాలి. స్టార్ట్ చేయగానే రేజ్ చేసినవాడు తన చేతులతోనే దాన్ని చంపుకున్నట్టు.

బజారు చావు మాత్రం త్వరగానే అయిపోయింది. 1982లో హోండా ధర అమెరికాలో 4,898 డాలర్లు. అంతకంటే తక్కువకే 1,100 సీసీల బండి వచ్చేది, అది థ్రాటిల్ తిప్పగానే లేచేది. టర్బో బండి తిప్పాక కాసేపు మౌనంగా ఉండి, ఒక్కసారిగా మనిషిని వెనక్కి తోసేది. మలుపులో ఉన్నవాడికి అది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. పైగా బరువు, ఇన్సూరెన్స్ భారం. యమహా ఎక్స్‌జే650 టర్బో 1983లో జేమ్స్‌బాండ్ సినిమా ‘నెవర్ సే నెవర్ అగైన్’లో కనిపించింది. అదీ దాన్ని కాపాడలేదు.

విధి ఒకసారి టర్బోల వైపు మొగ్గినట్టే అనిపించింది. 1983 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం హార్లీ-డేవిడ్‌సన్ మొర విని, 700 సీసీలు దాటిన విదేశీ బండ్ల మీద సుంకం 4.4 శాతం నుంచి 49.4 శాతానికి పెంచింది. చిన్న ఇంజన్‌తో పెద్ద బలం ఇచ్చే టర్బోలకు అంతకంటే మంచి ఘడియ ఏముంటుంది? హోండా కొత్త సీఎక్స్650 టర్బో 674 సీసీలు, 100 హార్స్‌పవర్. సుజుకీ ఎక్స్ఎన్85 673 సీసీలు, పేరులో ఉన్న 85 దాని హార్స్‌పవర్. రెండూ ఆ గీత కిందే ఉన్నాయి. అయినా కొనేవాళ్లు రాలేదు.

1984లో కవాసాకీ జీపీజడ్750 టర్బో వచ్చింది. 112 హార్స్‌పవర్. మిగతా ముగ్గురి అనుభవాన్నీ కూడగట్టి చేసిన బండి అది. టర్బోను సిలిండర్ల ముందుకు, ఎగ్జాస్ట్ మొదలుకు దగ్గరగా తెచ్చారు. కిందుగా ఉన్న టర్బో నుంచి ఆయిల్‌ని వెనక్కి లాగడానికి విడిగా పంపు పెట్టారు. థ్రాటిల్‌కీ తోపుకీ మధ్య ఆలస్యం బాగా తగ్గింది. ఆ నలుగురిలో ఇదే అసలైనదని నా నమ్మకం. కానీ అదే ఏడాది అదే కంపెనీ జీపీజడ్900ఆర్ నింజాను దించింది. 908 సీసీలు, 115 హార్స్‌పవర్, టర్బో లేదు, కాబట్టి దాని బెడదా లేదు. సొంత ఇంట్లోనే తమ్ముడి చేతిలో అన్న ఓడిపోయాడు. 1985తో జీపీజడ్750 టర్బో ఆగిపోయింది. నింజా 1986లో ‘టాప్ గన్’ సినిమాతో లోకమంతటికీ తెలిసిపోయింది.

అదే కాలంలో ఆ కంపెనీలే మన వీధుల్లోకి వచ్చాయి. 1985లో హీరో హోండా సీడీ100 వచ్చింది. లీటరు ఆయిల్‌తో తృప్తిపడి, ఎంత మొరటుగా వాడినా పలికే బండి. సీఎక్స్ టర్బోను చేసిన హోండాయే ఇక్కడ గెలిచింది ఆ 100 సీసీల ఇంజన్‌తో.

వైభవం ముగిశాక మిగిలిన టర్బో బండ్లు చాలావరకు షెడ్లలో చేరాయి. అక్కడా సాగింది ఆ రెండో చావు. ‘తిరగలేదు కదా, ఆయిల్ ఎందుకు మార్చడం’ అనుకున్నారు యజమానులు. నిలిచిన ఆయిల్‌లో చెమ్మ చేరుతుంది, కాలిన పెట్రోలు ఆమ్లాలు చేరుతాయి, అవి బుష్‌లను కూర్చోబెట్టే తింటాయి. పదేళ్ల తర్వాత సరదాకి స్టార్ట్ చేసినవాడికి ఆ నీలం పొగే ఎదురయ్యేది. తిరిగినా తిరగకపోయినా ఏడాదికొకసారి మార్చి ఉంటే వాటిలో చాలా బండ్లు ఈనాటికీ నడిచేవి.

ఎక్స్ఎన్85లో పిస్టన్ల అడుగున ఆయిల్ చిమ్మి చల్లబరిచే ఏర్పాటు ఉంది. ఆ ఆలోచనను సుజుకీ వదల్లేదు. ఎత్సువో యోకోఉచి బృందం 1985లో జీఎస్ఎక్స్-ఆర్750 ఇంజన్‌ను ఆయిల్‌తో చల్లబరిచింది, దానికి టర్బో లేదు. తడి క్లచ్‌కి సరిపడే ఆయిల్ ఏదో తేల్చి చెప్పే జాసో ఎంఏ ముద్ర జపాన్‌లో 1998లో వచ్చింది. వేడికి మాడని పూర్తి సింథటిక్, ఎంఏ2 ముద్రతో, ఇవాళ నెల్లూరులోనో కరీంనగర్‌లోనో స్పేర్ పార్ట్స్ షాపులో అడిగితే చేతిలో పెడతారు. ఎక్స్ఎన్85 బండ్లు మొత్తం తయారైనవే 1,153. వాటి టర్బోలకు కొత్త భాగాలు కంపెనీ చేయడం మానేసి చాలా ఏళ్లయింది.