విశాఖ స్కూల్ నుంచి కేబీసీ కోటి దాకా.. ఆ 14 ఏళ్ల కుర్రాడు తర్వాత ఏమయ్యాడంటే?

ఆటోనగర్ (విశాఖపట్నం): రీల్స్ స్క్రోల్ చేస్తుంటే ఈ వీడియో మీకూ ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది. ఒకవైపు అమితాబ్ బచ్చన్ ఎదురుగా హాట్ సీట్‌లో కూర్చున్న సన్నటి కుర్రాడు. ఇంకోవైపు ఖాకీ యూనిఫాంలో ఓ పోలీస్ ఆఫీసర్. ఇద్దరూ ఒకరే. పేరు రవి మోహన్ సైనీ. 2001లో కేబీసీ జూనియర్‌లో కోటి రూపాయలు గెలిచాడు, పెద్దయ్యాక ఐపీఎస్ అయ్యారు. 30 సెకన్ల రీల్ ఇక్కడితో అయిపోతుంది.

కానీ ఆ రీల్స్‌లో చాలావరకు ఒక ముక్క ఎగిరిపోతుంది. కోటి గెలిచినప్పుడు ఆ అబ్బాయి చదువుతున్నది మన విశాఖపట్నంలోనే! గెలిచిన రోజుకీ, యూనిఫాం వేసుకున్న రోజుకీ మధ్య 13 ఏళ్లు ఉన్నాయి. అసలు కథంతా ఆ 13 ఏళ్లలోనే ఉంది. ఒక్కొక్కటిగా చూద్దాం.

విశాఖకు సంబంధం ఏంటి?

సైనీ కుటుంబానిది రాజస్థాన్‌లోని అల్వర్. తండ్రి ఇండియన్ నేవీలో పనిచేసేవారు. నేవీ ఉద్యోగమంటే బదిలీలు మామూలే. అలా విశాఖ వచ్చిన రవి ఇక్కడి నేవల్ పబ్లిక్ స్కూల్‌లో చదువుకున్నాడు.

ఆటోనగర్, గాజువాక వాళ్లకి ఈ వాతావరణం కొత్త కాదు. గాజువాక నుంచి మల్కాపురం, సింధియా వైపు వెళ్తే షిప్‌యార్డ్, డాక్‌యార్డ్, నేవీ క్వార్టర్లు. తూర్పు నౌకాదళం హెడ్ క్వార్టర్స్ ఉన్న ఊరు కాబట్టి పంజాబ్ నుంచి కేరళ దాకా అన్ని రాష్ట్రాల పిల్లలూ ఇక్కడి క్లాసుల్లో కనిపిస్తారు. రెండు మూడేళ్లకోసారి ఊరు మారడం, కొత్త భాష, కొత్త ఫ్రెండ్స్.. ఆ పిల్లలకు అలవాటైన జీవితం అది. ఇంటి అడ్రస్ అల్వర్ అయినా, దేశమంతా చూసిన ఆ రోజుల్లో రవి స్కూల్ అడ్రస్ మాత్రం విశాఖే.

అప్పట్లో కేబీసీ అంటే ఏ రేంజ్?

ఇప్పటి వాళ్లకి చెప్తే నమ్మరేమో గానీ, కేబీసీ టైమ్‌కి వీధులు ఖాళీ అయ్యేవి. బ్రిటన్‌లో 1998లో మొదలైన 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్' షో ఆధారంగా 2000 జూలై 3న స్టార్ ప్లస్‌లో 'కౌన్ బనేగా కరోడ్‌పతి' మొదలైంది. అదే ఏడాది ముంబై కుర్రాడు హర్షవర్ధన్ నవాథే మొదటి కోటీశ్వరుడయ్యాడు. తర్వాతి ఏడాది పిల్లల కోసం కేబీసీ జూనియర్ పెట్టారు. చేతిలో స్మార్ట్‌ఫోన్ లేదు, అడగ్గానే చెప్పే గూగుల్ చాలామందికి తెలియదు. జీకే అంటే పేపర్, ఇయర్ బుక్, లైబ్రరీ. అంతే.

అప్పటి కేబీసీలో మొత్తం 15 ప్రశ్నలు. వెయ్యి రూపాయలతో మొదలు. ఐదో ప్రశ్నకి 10 వేలు, పదో ప్రశ్నకి 3 లక్షల 20 వేలు. ఈ రెండూ సేఫ్ మెట్లు. అంటే అక్కడిదాకా వచ్చాక తప్పు చెప్పినా ఆ డబ్బు పోదు. ఆ పైన 6 లక్షల 40 వేలు, పన్నెండున్నర లక్షలు, 25 లక్షలు, 50 లక్షలు, చివరికి కోటి. లైఫ్‌లైన్లు మూడే: ఫిఫ్టీ-ఫిఫ్టీ, ఆడియన్స్ పోల్, ఫోన్ ఎ ఫ్రెండ్.

చివరి ప్రశ్న దగ్గర లెక్క చూడండి. చేతిలో 50 లక్షలు ఉన్నాయి. ఆగిపోతే అవి మీవే. ఆడి తప్పు చెప్తే నేరుగా 3 లక్షల 20 వేలకు పడిపోతారు. అంటే ఒక్క తప్పు జవాబు ఖరీదు 46 లక్షల 80 వేలు. 2001 నాటి ఉద్యోగి ఇంట్లో ఆ డబ్బంటే సొంతిల్లు, పిల్లల చదువు, రిటైర్మెంట్.. అన్నీ కలిపి. పెద్దవాళ్లకే చేతులు చల్లబడే చోట అది.

'ఏముంది, లక్కు' అనేవాళ్లకి ఇంకో లెక్క. ఏమీ తెలియకుండా, లైఫ్‌లైన్లు వాడకుండా, నాలుగింట్లో ఒకటి గుడ్డిగా చెప్పుకుంటూ పోతే 15కి 15 కరెక్ట్ అయ్యే ఛాన్స్ 107 కోట్లలో ఒక్కసారి. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఉన్నదే 102 కోట్ల పైచిలుకు జనం. దేశంలో ప్రతి ఒక్కరూ గుడ్డిగా ఆడినా సగటున గెలిచేది దాదాపు ఒక్కరే అన్నమాట.

14 ఏళ్ల రవి 15కి 15 కరెక్ట్‌గా చెప్పాడు.

గెలిచాక ఏం చేశాడు?

ఇక్కడే చాలామందికి ఆశ్చర్యం. ఏమీ చేయలేదు! టీవీ వైపు వెళ్లలేదు, సినిమాల వైపు వెళ్లలేదు. మామూలు స్టూడెంట్‌లా చదువుకున్నాడు. జైపూర్‌లోని మహాత్మా గాంధీ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చేశాడు. తెల్లకోటు వేసుకునే దాకా వచ్చాక సివిల్స్ మీదకి మనసు మళ్లింది.

మొదటి ప్రయత్నం 2012లో. ప్రిలిమ్స్ దాటినా మెయిన్స్‌లో పోయింది. ఈ లైన్ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. దేశమంతా 'జీనియస్ పిల్లాడు' అన్న కుర్రాడు మెయిన్స్ పాస్ కాలేదు. 2013లో రెండోసారి రాశాడు. ఈసారి ఇండియన్ పోస్ట్ అండ్ టెలికమ్యూనికేషన్స్ అకౌంట్స్ అండ్ ఫైనాన్స్ సర్వీస్ వచ్చింది. కేంద్ర ప్రభుత్వంలో మంచి ఉద్యోగమే. అయినా ఆగలేదు. 2014లో మూడోసారి 461వ ర్యాంకు. ఐపీఎస్, గుజరాత్ కేడర్. నేవీలో పనిచేసిన తండ్రిని చూసే పోలీస్ యూనిఫాం వైపు వచ్చానని రవి మోహన్ సైనీ తర్వాత చెప్పారు.

క్విజ్ ఛాంపియన్‌కి సివిల్స్ ఈజీ కాదా?

గాజువాక చుట్టుపక్కల రూముల్లో ఉండి ఎస్‌ఐ, గ్రూప్స్, బ్యాంక్ పరీక్షలకు ప్రిపేర్ అవుతున్నవాళ్లు మాకు పంపే కామెంట్లలో ఎక్కువగా కనిపించే డౌట్ ఇదే. జవాబు: సగం దారి వరకే ఈజీ.

సివిల్స్‌లో ప్రిలిమ్స్ ఒక్కటే క్విజ్ షోకి చుట్టం. నాలుగు ఆప్షన్లు, ఒక జవాబు, తప్పు చెప్తే ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. ఎప్పుడు గెస్ చేయాలి, ఎప్పుడు వదిలేయాలి అన్నది హాట్ సీట్‌లో ఎలా పనికొస్తుందో ఇక్కడా అలాగే పనికొస్తుంది. కానీ ఆ మార్కులు ఫైనల్ ర్యాంకులో కలవవు. కేవలం గేటు దాటడానికే.

ర్యాంకు తేల్చేది మెయిన్స్, ఇంటర్వ్యూ. 2013 నుంచి మెయిన్స్‌కి 1750 మార్కులు, ఇంటర్వ్యూకి 275, మొత్తం 2025. మెయిన్స్‌లో ఆప్షన్లు ఉండవు. ఎస్సే రాయాలి, ఎథిక్స్ పేపర్‌లో 'ఈ పరిస్థితిలో మీరైతే ఏం చేస్తారు' అంటే కారణాలతో సహా చెప్పాలి. ఓ నది ఎక్కడ పుట్టిందో తెలిస్తే క్విజ్‌లో డబ్బులొస్తాయి. ఆ నది నీళ్ల మీద రెండు రాష్ట్రాలు ఎందుకు కొట్టుకుంటున్నాయో, ఎలా తెగుతుందో 250 పదాల్లో రాస్తేనే మెయిన్స్‌లో మార్కులు. 2012లో సైనీ ఆగిపోయింది సరిగ్గా ఈ తేడా ఉన్న మెట్టు దగ్గరే.

కోటి గెలిచిన పేరుతో అతనికి అక్కడ ఒక్క మార్కు కూడా ఎక్కువ పడదు. పేపర్ దిద్దేవాళ్లకి రాసిందెవరో కూడా తెలీదు. నన్నడిగితే రీల్స్‌లో చూపించాల్సింది 2001 కంటే 2012, 2013లనే. కానీ ఫెయిలైన రోజుకి వీడియో క్లిప్ ఉండదు కదా!

విశాఖ తీరం నుంచి పోర్‌బందర్ తీరానికి

ఐపీఎస్ అయినవాళ్లంతా ట్రైనింగ్‌కి వచ్చేది హైదరాబాద్‌లోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ నేషనల్ పోలీస్ అకాడమీకే. అలా మళ్లీ తెలుగు గడ్డతో ముడిపడింది. తర్వాత గుజరాత్‌లో పోస్టింగ్, రాజ్‌కోట్ సిటీలో డీసీపీ. 2020 మే నెలలో పోర్‌బందర్ జిల్లా ఎస్పీగా చార్జ్ తీసుకున్నారు. అప్పటికి వయసు 33. కరోనా లాక్‌డౌన్ నడుస్తున్న రోజులు. బాధ్యతలు తీసుకుంటూనే తన మొదటి ప్రాధాన్యం లాక్‌డౌన్ పక్కాగా అమలు చేయడమే అన్నారు. పాత కేబీసీ కథ దేశమంతా మళ్లీ వైరల్ అయింది కూడా అప్పుడే.

పోర్‌బందర్ అంటే గాంధీజీ పుట్టిన ఊరు, అరేబియా సముద్రం ఒడ్డున చేపల పడవల ఊరు. ఐఎన్‌ఎస్ సర్దార్ పటేల్ అనే నేవీ స్థావరం కూడా ఉంది. నేవీ కుటుంబంలో పెరిగి, విశాఖ సముద్రం పక్కన స్కూలుకెళ్లిన అబ్బాయి ఎస్పీ అయింది నేవీ ఉన్న ఇంకో సముద్రపు ఊరికే.

అందరి కథా ఇలాగే ఉందా? లేదు

2011లో కేబీసీలో 5 కోట్లు గెలిచిన సుశీల్ కుమార్ గుర్తున్నాడా? బిహార్‌లోని మోతిహారి. ఉపాధి హామీ పథకంలో కంప్యూటర్ ఆపరేటర్‌గా నెలకి ఆరేడు వేల జీతం. ఒక్క రాత్రిలో దేశమంతా తెలిసిన పేరు. 2020లో ఆయనే ఫేస్‌బుక్‌లో ఓ పోస్ట్ రాశారు. గెలిచాక వచ్చిన రోజులే తన జీవితంలో అత్యంత చెడ్డ రోజులని. విరాళాల పేరుతో, బిజినెస్ పేరుతో చాలామంది మోసం చేశారని, మందుకీ సిగరెట్‌కీ అలవాటు పడ్డానని, ఇంట్లో గొడవలు పెరిగాయని, సినిమా తీద్దామని ముంబై వెళ్లి తిరిగొచ్చేశానని దాచుకోకుండా చెప్పారు. తర్వాత అన్నీ వదిలేసి చంపక మొక్కలు నాటడం, పిచ్చుకలకి గూళ్లు పెట్టడం మొదలుపెట్టారు. బిహార్ టీచర్ల పరీక్ష రాసి ప్రభుత్వ టీచర్ అయ్యారు. పడి లేచిన మనిషి. రవి మోహన్ సైనీ కథ వైరల్ అయినంతగా ఈయన లేవడం వైరల్ కాలేదు, పడటమే అయింది.

ఇద్దరికీ తేడా ఏంటి? తెలివి కాదు. 14 ఏళ్ల పిల్లాడికి డబ్బు వచ్చినా దాని దగ్గర కాపలాగా అమ్మానాన్నలుంటారు, పొద్దున్నే లేస్తే స్కూల్ ఉంటుంది. హోంవర్క్ చేయకపోతే టీచర్ ఊరుకోరు. పెళ్లయి, సంపాదించే వయసులో ఉన్న మనిషికి అలా అడ్డుకునేవాళ్లు ఉండరు. తలుపు కొట్టిన ప్రతివాడికీ జవాబు తనే చెప్పుకోవాలి.

మన తెలుగు షోలకొస్తే, 2021లో జెమినీ టీవీలో ఎన్టీఆర్ హోస్ట్ చేసిన 'ఎవరు మీలో కోటీశ్వరులు'లో కోటి గెలిచిన రాజా రవీంద్ర అప్పటికే తెలంగాణ పోలీస్ శాఖలో ఎస్‌ఐ. కొత్తగూడెం దగ్గర సుజాతనగర్ ఆయనది. పిస్టల్ షూటింగ్‌లో దేశానికి మెడల్ తేవాలన్నది కల అని ఆ షోలోనే చెప్పారు. ఒకరు కోటి గెలిచి పోలీస్ అయ్యారు, ఇంకొకరు పోలీస్‌గా ఉండి కోటి గెలిచారు.

కోటి గెలిస్తే చేతికి వచ్చేది ఎంత?

ఈ ప్రశ్న లేకుండా కేబీసీ స్టోరీ పూర్తవదు. గేమ్ షోలో గెలిచిన డబ్బు మీద ఇప్పుడున్న పన్ను 30 శాతం. దాని మీద సర్‌చార్జి, సెస్ అదనం. మామూలు జీతానికి ఉండే మినహాయింపులు దీనికి వర్తించవు. అంటే కోటి గెలిస్తే దాదాపు మూడో వంతు పన్నుకే పోతుంది. షో వాళ్లు టీడీఎస్ కట్ చేశాకే డబ్బు ఇస్తారు. మైనర్ల విషయంలో ఇటీవలి కేబీసీ జూనియర్ ఎపిసోడ్లలో రూపాయల బదులు పాయింట్లు ఇస్తున్నారు, 18 ఏళ్లు నిండాక అవే డబ్బుగా మారతాయి. 2023లో హరియాణాలోని మహేంద్రగఢ్‌కి చెందిన 8వ క్లాస్ కుర్రాడు మయాంక్ కోటి పాయింట్లు గెలిచింది ఇలాగే.

ఈ మెసేజ్ మీకు వస్తే జాగ్రత్త

కేబీసీ పేరు చెప్పి నడిచే మోసం ఒకటుంది. 'మీ నంబర్‌కి కేబీసీ లాటరీలో 25 లక్షలు వచ్చాయి' అంటూ వాట్సాప్‌లో అమితాబ్ ఫొటో ఉన్న లెటర్, ఒక వాయిస్ మెసేజ్ వస్తాయి. చాలాసార్లు ఆ నంబర్లు ప్లస్ 92తో మొదలవుతాయి, అది పాకిస్థాన్ కోడ్. కాల్ చేస్తే ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ అంటూ కొద్దికొద్దిగా లాగుతారు. కేబీసీకి అలాంటి లాటరీ ఏదీ లేదు.  వర్క్‌షాప్‌లో పని మధ్యలో ఫోన్ వస్తే ఆశపడి ఓటీపీ చెప్పేయొద్దు. ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి. ఎంత త్వరగా చెప్తే ఆ డబ్బుని బ్యాంక్‌లో ఆపే అవకాశం అంత ఎక్కువ.