మంచు మీద పిండి బస్తాలు

రోడ్డు మీద మిలటరీ లారీలు వరసగా పోతుంటే పిల్లలు నిలబడి లెక్కపెడతారు. టార్పాలిన్ కింద ఏముందో మనకు కనబడదు. తుపాకులో, మందుగుండో అయివుంటాయని అనుకుంటాం. 1941 చలికాలంలో రష్యాలో లడోగా సరస్సు మీద నడిచిన సైనిక లారీల్లో ఉన్నవి మాత్రం పిండి బస్తాలు. అవును, సరస్సు మీదే!

ఆ ఏడు సెప్టెంబరు 8న జర్మన్ సైన్యం లెనిన్‌గ్రాడ్ నగరానికి నేలదారులన్నీ మూసేసింది. ఇప్పుడు ఆ ఊరిని సెయింట్ పీటర్స్‌బర్గ్ అంటున్నారు. లోపల చిక్కుకున్నవాళ్లు దాదాపు పాతిక లక్షల మంది. ఆ రోజే బాంబులు పడి బదాయెవ్ గిడ్డంగులు తగలబడ్డాయి. రేషను తగ్గుతూ తగ్గుతూ వచ్చి, నవంబరు 20 నాటికి కార్ఖానా పనివాళ్లకు రోజుకు 250 గ్రాముల రొట్టె, గుమాస్తాలకూ పిల్లలకూ ముసలివాళ్లకూ 125 గ్రాములు అయింది. పావుకిలోలో సగం అన్నమాట. అదైనా శుభ్రమైన రొట్టె కాదండీ. పత్తిగింజల చెక్క, కర్రగుజ్జు కలిపి చేసింది. మనమూ తెలగపిండి కూర వండుకుంటాం, కాని అది రుచికోసం. పత్తిచెక్క మన దగ్గర గేదెల తొట్టిలోకి పోతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. రేషను కార్డుల్లో గృహిణిని వేసిన తరగతి పేరు ‘ఆధారితులు’. ఒకరి సంపాదన మీద బతికే మనిషట! తెల్లవారకముందే రొట్టెకోసం క్యూలో నిలబడేది ఆవిడ. గడ్డకట్టిన నెవా నదిలో కన్నం చేసి నీళ్లు మోసుకొచ్చేది ఆవిడ. ఆవిడకు దక్కింది అందరికన్నా తక్కువ వాటా. ఆ లెక్కలు కట్టిన అధికారుల ఇళ్లలో వంట ఎవరు చేసేవారో మరి!

నగరానికి తూర్పున లడోగా సరస్సు అవతలి ఒడ్డు శత్రువు చేతిలో పడలేదు. నవంబరులో నీళ్లు గడ్డకట్టడం మొదలవగానే ముందు గుర్రపుబళ్లను పంపి చూశారు. 22వ తేదీన 60 లారీలు ఖాళీగా బయలుదేరాయి. మర్నాడు 33 టన్నుల పిండితో తిరిగివచ్చాయి. లెక్కవేస్తే లారీకి అయిదున్నర క్వింటాళ్లే. అవి ఫోర్డు నమూనా మీద రష్యాలో తయారైన ఒకటిన్నర టన్నుల లారీలు. జనం వాటిని ‘పొలుతోర్కా’ అనేవారు, ఒకటిన్నర అని అర్థం. మంచు పలచగా ఉండటంతో నిండుగా ఎక్కించే ధైర్యం లేకపోయింది. బరువు ఒక్కచోట పడకుండా వెనక స్లెడ్జి బండ్లు కట్టి కొంత సరుకు వాటిమీద వేశారు.

మంచు విరిగితే దూకడానికి వీలుగా డ్రైవర్లు తలుపులు తీసిపెట్టి, ఆ చలిగాలిలోనే ముప్ఫై కిలోమీటర్లు నడిపేవారు. రోజుల తరబడి నిద్రలేదు. ఒక డ్రైవరు తల వెనక కెటిల్ వేలాడదీసుకున్నాడట, కునుకు పడితే అది తగిలి లేపుతుందని. దారి పొడుగునా లాంతర్లూ జెండాలూ పట్టుకుని లారీలకు దారి చూపినవాళ్లలో ఆడపిల్లలు చాలామంది. పైనుంచి విమానాల దాడి ఉండనే ఉంది.

విచిత్రం ఏమిటంటే, బరువు లారీ దాటిపోయిన చోటనే ఒక్కోసారి తేలిక లారీకి మంచు పగిలేది. భౌతిక శాస్త్రజ్ఞులు మంచు మీద పరికరాలు పెట్టి కారణం కనిపెట్టారు. లారీ పోతుంటే మంచు వంగి, కింద నీటిలో అల లేస్తుంది. లారీ వేగమూ అల వేగమూ ఒకటైతే, ఊయలను దాని ఊపుకే తోసినట్లు అల పెరిగిపోతుంది. గంటకు 35 కిలోమీటర్ల ప్రాంతపు వేగం ప్రమాదమని తేల్చారు.

అందరూ దేవతలేమీ కారు. పిండి దొంగిలించినవాళ్లూ ఉన్నారు, వాళ్లను కాల్చివేయడమూ జరిగింది. నిండు లారీ పిండి అంటే తక్కువలో తక్కువ పన్నెండు వేల మందికి ఒక రోజు వాటా. ఆకలి కూడా మామూలు ఆకలి కాదు.

డిసెంబరు 9న తీహ్విన్ రైలుస్టేషను తిరిగి చేజిక్కడంతో సరుకు సరస్సుకు దగ్గరగా రాసాగింది. 25వ తేదీన పనివాళ్లకు 350, మిగతావారికి 200 గ్రాములకు పెంచారు. ఆ పెంపు అందేలోపు ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యాయో! మొత్తం ముట్టడిలో పోయిన పౌరులు ఎనిమిది లక్షల వరకూ ఉంటారని చరిత్రకారుల అంచనా. వారిలో అత్యధికులు ఆకలితోనే పోయారు.

తిరుగు ప్రయాణంలో లారీలు మనుషుల్ని ఎక్కించుకున్నాయి. ఆ చలికాలం అయిదు లక్షల మందికి పైగా ఇలా ప్రాణాలతో దాటారు. కాని లారీ కుదుపుకు, శక్తిలేని తల్లుల చేతుల్లోంచి పసిపిల్లలు మంచు మీదికి జారిపోయిన సంగతులూ ఉన్నాయి. అవతలి ఒడ్డు చేరాక ఒక్కసారిగా కడుపునిండా తిని, అరగక చనిపోయినవాళ్లూ ఉన్నారు. చాలాకాలం పస్తున్నవారికి మొదట గంజి చుక్కలే పోయాలని మన పెద్దవాళ్లు ఎందుకంటారో అక్కడ తెలుస్తుంది.

1942 ఏప్రిల్ 24న ఆ దారి మూసేశారు. అప్పటికి దాటిన సరుకు మూడు లక్షల అరవై వేల టన్నుల పైచిలుకు, అందులో ఎక్కువ భాగం తిండిగింజలూ పిండీ. చివరి రోజుల్లో మంచు మీద నీళ్లు నిలిచి, చక్రాలు మునుగుతూ నడిచాయి. పచ్చికూర ఎరగక జనానికి చిగుళ్లు వాచి రక్తం కారుతోంది. ఆ ఆఖరి లారీల్లో వచ్చినవి ఉల్లిపాయలు.