దూబగుంట గెలిచిందా, ఓడిందా?

మొన్న ఆఫీసులో లంచ్ దగ్గర ఓ మిత్రుడు "పల్లెటూరి ఆడవాళ్ళకి రాజకీయాలు పట్టవు గురూ, మొగుడు చెప్పిన గుర్తుకే గుద్దేస్తారు" అన్నాడు. ఆయనది నెల్లూరు జిల్లానే! మరి దూబగుంట సంగతేంటి అంటే, "సినిమానా?" అని అడిగాడు. అందుకే ఈ టపా.

అప్పట్లో సారా అంటే సర్కారుకి కామధేనువు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో ఎక్సైజు ఆదాయం 1970-71లో 39 కోట్లు. 1991-92కల్లా 812 కోట్లు. ఇదంతా ఎవరి డబ్బు? ఎక్కువ భాగం కూలి జనాలదే. మగాడి కూలి సారా కొట్లో పోతే, ఇల్లు నడిచేది ఆడదాని కూలితో. అందుకే నా దృష్టిలో అది నీతి కోసం జరిగిన గొడవ కాదు, కష్టార్జితం కోసం జరిగిన గొడవ.

ఆ రోజుల్లో అక్షరాస్యత ఉద్యమం పేరుతో జిల్లాలో రాత్రి బడులు నడిచాయి. అక్కడి వాచకంలో ఓ పాఠం తాగుబోతు మొగుడి వల్ల బలైన సీతమ్మ కథ. కథ చదివి ఊరుకోలేదు వాళ్ళు. 1992లో రోసమ్మ, తోటి ఆడవాళ్ళు కలిసి దూబగుంటలో సారా కొట్టు మూయించారు. ఆ సంగతి 'ఆడవాళ్ళు ఏకమైతే' అని మళ్ళీ పాఠమైంది. ఇంకేముంది, ఊరూరా అదే పని! ఓ ఊళ్ళో పనిచేసిన కోడ్ ని మిగతా ఊళ్ళు కాపీ కొట్టాయన్నమాట. చివరికి సారా వేలంపాటల్ని కూడా అడ్డుకున్నారు.

1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా బంద్. 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ హామీ ఇచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1995 జనవరి 16న అమల్లోకి వచ్చింది. చదువు రాని కూలి ఆడవాళ్ళు ఒక రాష్ట్ర బడ్జెట్టునే తిరగరాయించారు. ఇది రాజకీయం కాకపోతే మరేది రాజకీయం?

కానీ 1997లో చంద్రబాబు ప్రభుత్వం సంపూర్ణ నిషేధాన్ని ఎత్తేసింది. కారణం, ఖజానా ఖాళీ.

ఇక్కడే నాకో విషయం తడుతుంది. నెల్లూరులో సారా ఆగిన తొమ్మిది రోజులకే, అంటే 1993 ఏప్రిల్ 24న, 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకి. సంతోషమే. కానీ మద్యం మీద నిర్ణయం జరిగేది పంచాయతీలో కాదు, అసెంబ్లీలో. అక్కడ రిజర్వేషన్ లేదు. మన భాషలో చెప్పాలంటే, లోకల్ ఫోల్డర్ కి పర్మిషన్ ఇచ్చి, సర్వర్ అడ్మిన్ పాస్వర్డ్ మాత్రం దాచుకున్నారు. అసెంబ్లీల్లో, లోక్ సభలో మూడో వంతు ఇస్తామని 106వ సవరణ వచ్చేసరికి 2023 అయింది. అదీ జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అన్న మెలికతో!

కాబట్టి మిత్రమా, వాళ్ళకి రాజకీయాలు పట్టక కాదు. వీధిలో గెలిచారు. లెక్కలు తేల్చే గదిలో వాళ్ళకి కుర్చీ వెయ్యలేదు, అంతే.